పాలసీ ఉన్నా చేతి చమురు వదిలేదెందుకు? ఆరోగ్య బీమాలో సొంత ఖర్చు లెక్క

ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యే రోజున బిల్లింగ్ కౌంటరు ముందు నిలబడిన కుటుంబానికి తెలియవలసింది ఒక్కటే: బీమా కంపెనీ ఎంత ఇచ్చింది, ఇంకా ఎంత కట్టాలి? 5 లక్షల రూపాయల పాలసీ ఉంది, బిల్లు 3 లక్షలే వచ్చింది కనుక చేతి నుంచి ఒక్క రూపాయి కూడా పడదని చాలామంది భావిస్తారు. తీరా చూస్తే లక్ష రూపాయలకు పైగా కట్టవలసిందని కౌంటరులో చెబుతారు. మోసం జరిగిందన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. అయితే అనేక సందర్భాల్లో ఆ కోత పాలసీ పత్రంలో ముందే రాసి ఉన్న నిబంధనల ప్రకారమే జరుగుతుంది. ఆ నిబంధనలేమిటో, అవి బిల్లును ఎలా మారుస్తాయో ముందుగా తెలుసుకుంటే సొంత ఖర్చును చాలావరకు తగ్గించుకోవచ్చు.

భారతదేశంలో వైద్యం కోసం ప్రజలు సొంతంగా పెట్టే ఖర్చు గత దశాబ్దంలో తగ్గింది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశ మొత్తం ఆరోగ్య వ్యయంలో ఈ వాటా 2013-14లో 64.2 శాతం కాగా, 2021-22 నాటికి 39.4 శాతానికి దిగివచ్చింది. అంటే ఆ ఏడాది వైద్యంపై వెచ్చించిన ప్రతి 100 రూపాయల్లో దాదాపు 40 రూపాయలు కుటుంబాల చేతి నుంచే వెళ్లాయి. బీమా లేనివారి ఖర్చుతో పాటు, బీమా ఉన్నవారు దానికి పైన పెట్టుకునే ఖర్చు కూడా ఇందులో కలిసి ఉంటుంది.

బీమా మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే

పాలసీ మీద పెద్ద అక్షరాలతో కనిపించే 5 లక్షలు లేదా 10 లక్షల అంకెను బీమా మొత్తం అంటారు. ఒక పాలసీ సంవత్సరంలో కంపెనీ చెల్లించగల గరిష్ఠ పరిమితి అది. ఆ పరిమితిలోపు వచ్చిన ప్రతి బిల్లునూ పూర్తిగా చెల్లిస్తామన్న హామీ అందులో లేదు. బిల్లులోని ఏ పద్దుకు ఎంత చెల్లించాలన్నది గది అద్దె పరిమితి, కో-పే, డిడక్టిబుల్, ఉప పరిమితులు, నిరీక్షణ కాలం, మినహాయింపులు అనే అంశాలు నిర్ణయిస్తాయి. కుటుంబం మొత్తానికి కలిపి తీసుకునే ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీలో ఆ గరిష్ఠ పరిమితిని కూడా అందరూ పంచుకోవాలి. తండ్రి శస్త్రచికిత్సకు 4 లక్షలు ఖర్చయితే, ఆ ఏడాది మిగిలిన కుటుంబ సభ్యులందరికీ కలిపి లక్ష రూపాయలే మిగులుతాయి. వాడుకున్న మొత్తాన్ని తిరిగి నింపే సదుపాయం ఉన్న పాలసీల్లో మాత్రం దీనికి కొంత ఊరట లభిస్తుంది.

గది ఎంపికతో మారిపోయే బిల్లు

సొంత ఖర్చును ఒక్కసారిగా పెంచే నిబంధనల్లో ముందుగా చెప్పుకోవలసింది గది అద్దె పరిమితి. రోజువారీ గది అద్దె బీమా మొత్తంలో 1 శాతం మించకూడదని కొన్ని పాలసీలు షరతు పెడతాయి. 5 లక్షల పాలసీలో అది రోజుకు 5,000 రూపాయలు. రోగి 10,000 రూపాయల గదిలో చేరితే రోజుకు 5,000 చొప్పున అదనంగా కట్టుకుంటే సరిపోతుందని బంధువులు లెక్క వేసుకుంటారు. అసలు లెక్క వేరుగా ఉంటుంది.

ఆసుపత్రుల్లో గది తరగతిని బట్టి వైద్యుల ఫీజు, శస్త్రచికిత్స ఛార్జీ, ఆపరేషన్ థియేటర్ ఛార్జీ, నర్సింగ్ ఛార్జీ కూడా మారుతుంటాయి. అందువల్ల పరిమితికి మించిన గది తీసుకున్నప్పుడు ఈ అనుబంధ ఛార్జీలను కూడా బీమా కంపెనీ అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. దీనిని నిష్పత్తి ప్రకారం కోత అంటారు. పాలసీ అనుమతించిన అద్దె 5,000, తీసుకున్న గది అద్దె 10,000 అయితే నిష్పత్తి సగం. కనుక అనుబంధ ఛార్జీల్లోనూ సగమే లభిస్తుంది.

ఒక ఊహాత్మక బిల్లుతో దీనిని చూడవచ్చు. బీమా మొత్తం 5 లక్షలు, గది అద్దె పరిమితి రోజుకు 5,000, కో-పే 10 శాతం. రోగి 10,000 రూపాయల గదిలో 6 రోజులు ఉన్నారు. బిల్లు ఇలా వచ్చింది:

గది అద్దె: రూ. 60,000
సర్జన్, వైద్యులు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్: రూ. 1,60,000
మందులు: రూ. 50,000
పరీక్షలు: రూ. 30,000
బీమా వర్తించని వస్తువులు: రూ. 10,000
మొత్తం: రూ. 3,10,000

గది అద్దె కింద బీమా కంపెనీ 30,000 రూపాయలు అంగీకరిస్తుంది. వైద్యులు, థియేటర్, నర్సింగ్ ఛార్జీల్లో సగం, అంటే 80,000 లెక్కలోకి తీసుకుంటుంది. మందులకు 50,000, పరీక్షలకు 30,000 పూర్తిగా అంగీకరిస్తుంది. వర్తించని వస్తువులకు ఏమీ రాదు. అంగీకరించిన మొత్తం 1,90,000 రూపాయలు. అందులో 10 శాతం కో-పే కింద 19,000 తీసివేస్తే కంపెనీ చెల్లించేది 1,71,000 రూపాయలు. మిగిలిన 1,39,000 రూపాయలు కుటుంబమే కట్టాలి.

అదే రోగి 5,000 రూపాయల గదిలో చేరి, మిగిలిన ఛార్జీలన్నీ అంతే ఉన్నాయనుకుంటే బిల్లు 2,80,000 అవుతుంది. కంపెనీ అంగీకరించే మొత్తం 2,70,000. కో-పే 27,000 పోగా 2,43,000 చెల్లిస్తుంది. కుటుంబం మీద పడేది 37,000 రూపాయలు మాత్రమే. గది అద్దెలో తేడా 6 రోజులకు 30,000 రూపాయలే అయినా, చేతి నుంచి పడిన ఖర్చులో తేడా 1,02,000 రూపాయలకు చేరింది. అడ్మిషన్ కౌంటరు వద్ద కొన్ని నిమిషాల్లో తీసుకున్న నిర్ణయం ఫలితం ఇది.

ఈ కోత విషయంలో పాలసీదారులకు కొన్ని రక్షణలు ఉన్నాయి. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ, అంటే ఐఆర్‌డీఏఐ, 2020లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం మందులు, వినియోగ సామగ్రి, శరీరంలో అమర్చే పరికరాలు, రోగ నిర్ధారణ పరీక్షల ఖర్చుపై నిష్పత్తి కోత విధించకూడదు. ఐసీయూ ఛార్జీలకు కూడా ఇది వర్తించదు. గది తరగతిని బట్టి ఛార్జీలు మార్చని ఆసుపత్రుల్లో ఈ కోతకు తావులేదు. సెటిల్‌మెంట్ పత్రంలో ఈ పద్దుల మీద కోత కనిపిస్తే కారణం అడిగే హక్కు పాలసీదారుకు ఉంటుంది.

కో-పే, డిడక్టిబుల్: రెండింటి మధ్య తేడా

అంగీకరించిన క్లెయిమ్‌లో పాలసీదారు భరించవలసిన నిర్ణీత శాతమే కో-పే. బిల్లు పెద్దదయ్యే కొద్దీ కో-పే కూడా పెరుగుతుంది. వయోవృద్ధుల పాలసీల్లో, ఉద్యోగులకు సంస్థలు ఇచ్చే బృంద బీమాలో తల్లిదండ్రులను చేర్చిన సందర్భాల్లో ఈ షరతు తరచుగా కనిపిస్తుంది. చిన్న పట్టణంలో పాలసీ తీసుకుని మహానగరంలో చికిత్స చేయించుకుంటే అదనపు కో-పే విధించే పాలసీలు కూడా ఉన్నాయి. ప్రీమియం తక్కువగా ఉందని కో-పే ఉన్న పాలసీని ఎంచుకునేవారు, 5 లక్షల బిల్లుకు 20 శాతమంటే లక్ష రూపాయలని గుర్తుంచుకోవాలి.

డిడక్టిబుల్ శాతం రూపంలో ఉండదు. అది ఒక స్థిరమైన మొత్తం. ఆ మొత్తం దాటిన తరువాతే బీమా కంపెనీ బాధ్యత మొదలవుతుంది. టాప్-అప్, సూపర్ టాప్-అప్ పాలసీలు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. పేర్లు దగ్గరగా ఉన్నా వీటి మధ్య ముఖ్యమైన తేడా ఉంది. టాప్-అప్‌లో డిడక్టిబుల్‌ను ఒక్కో క్లెయిమ్‌కు విడిగా చూస్తారు. సూపర్ టాప్-అప్‌లో ఏడాది మొత్తం ఖర్చును కలిపి చూస్తారు.

5 లక్షల సాధారణ పాలసీ, దానిపైన 5 లక్షల డిడక్టిబుల్‌తో మరో పాలసీ ఉన్న కుటుంబంలో ఒకే ఏడాది 4 లక్షలు, 3 లక్షల బిల్లులు రెండు వచ్చాయనుకుందాం. మొత్తం 7 లక్షల్లో సాధారణ పాలసీ 5 లక్షలు భరిస్తుంది. మిగిలిన 2 లక్షలు సూపర్ టాప్-అప్ ఉంటే అందులో నుంచి వస్తాయి. టాప్-అప్ మాత్రమే ఉంటే ఒక్క రూపాయి కూడా రాదు. ఎందుకంటే ఏ ఒక్క బిల్లూ విడిగా 5 లక్షలు దాటలేదు.

చికిత్సను బట్టి ఉప పరిమితులు

కొన్ని చికిత్సలకు పాలసీలు విడిగా గరిష్ఠ మొత్తాన్ని నిర్ణయిస్తాయి. కంటి శుక్లాలు, మోకీలు మార్పిడి, హెర్నియా, ప్రసూతి వంటివి ఇందులో సాధారణంగా ఉంటాయి. అన్ని కంపెనీలూ ఒకే రకమైన నిబంధనలతో విక్రయించాలని ఐఆర్‌డీఏఐ 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన ‘ఆరోగ్య సంజీవని’ ప్రామాణిక పాలసీ దీనికి మంచి ఉదాహరణ. అందులో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000 రూపాయలు. ఐసీయూకు 5 శాతం, గరిష్ఠంగా 10,000 రూపాయలు. శుక్లాల చికిత్సకు ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. ప్రతి క్లెయిమ్‌పై 5 శాతం కో-పే కూడా ఉంది. కంటి ఆసుపత్రి ఖరీదైన లెన్స్‌తో 70,000 రూపాయల బిల్లు వేస్తే, 40,000కు మించినదంతా రోగి చేతి నుంచే పోతుందన్నమాట.

చేతి తొడుగు నుంచి డైపర్ దాకా

పెద్ద బిల్లు చివరి పేజీల్లో చిన్న చిన్న అంకెలతో ఒక జాబితా ఉంటుంది. చేతి తొడుగులు, మాస్కులు, డైపర్లు, థర్మామీటరు, నెబ్యులైజర్ కిట్, వాకర్, నడుము పట్టీ, ఫోటోకాపీలు, మెడికల్ సర్టిఫికెట్ ఛార్జీ, సహాయకుల భోజనం వంటివి సాధారణ పాలసీల పరిధిలోకి రావు. విడిగా చూస్తే ఒక్కొక్కటి స్వల్పమే. రోగి ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినప్పుడు అన్నీ కలిసి వేల రూపాయలకు చేరుతాయి. కోవిడ్ కాలంలో ఈ భారం అనేక కుటుంబాలకు అనుభవమైంది. ఇటువంటి వస్తువులకు కూడా చెల్లించే అదనపు రైడర్‌ను ఇప్పుడు చాలా కంపెనీలు కొంత ప్రీమియంతో అందిస్తున్నాయి.

ఇందులో మరొక విషయం గమనించాలి. కొన్ని వస్తువుల ఖర్చు గది అద్దెలోనో, శస్త్రచికిత్స ఛార్జీలోనో కలిసి ఉండాలని ఐఆర్‌డీఏఐ జాబితాలు చెబుతున్నాయి. వాటిని ఆసుపత్రి విడిగా బిల్లు వేసి రోగి నుంచి వసూలు చేస్తుంటే ప్రశ్నించవచ్చు.

నిరీక్షణ కాలం, దాచిన వివరాలు

పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు మినహా ఇతర చికిత్సలకు సాధారణంగా బీమా వర్తించదు. శుక్లాలు, హెర్నియా, కీళ్ల మార్పిడి వంటి నిర్దిష్ట చికిత్సలకు చాలా పాలసీల్లో 2 సంవత్సరాలు ఆగాలి. మధుమేహం, రక్తపోటు వంటి ముందునుంచీ ఉన్న వ్యాధులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా 36 నెలలు మించకూడదని 2024 నిబంధనలు నిర్దేశించాయి. అంతకుముందు ఇది 48 నెలలుగా ఉండేది. ఈ వ్యవధిలో ఆ జబ్బు కారణంగా ఆసుపత్రిలో చేరితే మొత్తం ఖర్చు సొంతమే.

ప్రీమియం పెరుగుతుందన్న భయంతో జబ్బును దాచిపెట్టడం అన్నిటికన్నా పెద్ద నష్టానికి దారితీస్తుంది. వరుసగా 60 నెలలు పాలసీ కొనసాగిన తరువాత, మోసం రుజువైతే తప్ప, వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్‌ను నిరాకరించడానికి వీలులేదు. ఆ లోపు మాత్రం దాచిన వివరం బయటపడితే క్లెయిమ్ తిరస్కరణకు గురికావచ్చు, పాలసీ రద్దు కూడా కావచ్చు. ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి పోర్టబిలిటీ ద్వారా మారేవారు అప్పటివరకు పూర్తి చేసిన నిరీక్షణ కాలాన్ని కోల్పోరు. పాలసీ గడువు ముగిసిపోనిచ్చి కొత్తగా కొనుక్కుంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

క్యాష్‌లెస్, రీయింబర్స్‌మెంట్

నెట్‌వర్క్ ఆసుపత్రిలో బీమా కంపెనీ ముందే ఒప్పుకున్న ధరలు ఉంటాయి. బయటి ఆసుపత్రిలో ముందు రోగి చెల్లించి, తరువాత బిల్లులు సమర్పించి తిరిగి పొందాలి. అప్పుడు ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న సమంజసమైన ధర కన్నా ఎక్కువని కంపెనీ భావించిన మేరకు కోత పెట్టే అవకాశం ఉంది. అందుకే వీలైనంతవరకు నెట్‌వర్క్ ఆసుపత్రిని ఎంచుకోవడం మేలు.

ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై కంపెనీ గంటలోగా నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి అభ్యర్థన అందిన 3 గంటల్లోగా తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనపు ఛార్జీ వేస్తే దానిని కంపెనీయే భరించాలి. సాయంత్రం దాకా అనుమతి రాక మరో రోజు గది అద్దె కట్టవలసి వచ్చిన కుటుంబాలకు ఈ నిబంధన ఎంతో అవసరమైనది.

ఆసుపత్రిలో చేరకుండా జరిగే వైద్యం మరో పెద్ద పద్దు. వైద్యుని సంప్రదింపు ఫీజు, నెలనెలా వాడే మందులు, పరీక్షలు వంటి ఓపీ ఖర్చులను సాధారణ పాలసీలు భరించవు. ఆసుపత్రిలో చేరడానికి ముందు, డిశ్చార్జి తరువాత నిర్ణీత రోజుల ఖర్చు మాత్రం అదే జబ్బుకు సంబంధించినదైతే లభిస్తుంది. చాలా పాలసీల్లో ఇది ముందు 30 రోజులు, తరువాత 60 రోజులు. డిశ్చార్జితో పని ముగిసిందనుకుని ఆ తరువాతి మందుల రసీదులను పారవేయడం వల్ల అనేకమంది రావలసిన సొమ్మును వదులుకుంటున్నారు.

ప్రభుత్వ పథకాల్లో పరిస్థితి

ప్రభుత్వ పథకాల పద్ధతి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, జబ్బుల జాబితా రూపొందించి ఒక్కో చికిత్సకు ప్యాకేజీ ధరను నిర్ణయించింది. 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కూడా ప్యాకేజీ విధానాన్నే అనుసరిస్తూ కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు రక్షణ ఇస్తోంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు, ఆపై వయసున్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా దీనిని విస్తరించారు. తెలంగాణ 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో అమలవుతోంది.

ఈ పథకాల్లో కో-పే గానీ, ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం గానీ లేవు. ప్యాకేజీలో ఉన్న చికిత్సకు ఆసుపత్రి అదనంగా వసూలు చేయకూడదు. సొంత ఖర్చు ఇక్కడ వేరే దారిలో వస్తుంది. జాబితాలో లేని చికిత్స, నిర్ధారణకు ముందు జరిగే పరీక్షలు, నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రి, దూరప్రాంతం నుంచి వచ్చినవారి రాకపోకలు, సహాయకుల బస, పోగొట్టుకున్న కూలి అందులో ఉంటాయి.

కోత అన్యాయమనిపిస్తే

క్లెయిమ్‌లో ఏ పద్దు ఏ నిబంధన కింద తగ్గించారో రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం మొదటి మెట్టు. సమాధానం తృప్తికరంగా లేకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ నిర్వహించే బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరులో గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కంపెనీ తిరస్కరించినా, నెల రోజుల్లోగా స్పందించకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను అంబుడ్స్‌మన్ పరిశీలిస్తారు. ఇందుకు రుసుము లేదు, న్యాయవాది అవసరమూ లేదు. తెలుగు రాష్ట్రాలకు అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

కొనేముందు, చేరేముందు అడగవలసినవి

ప్రతి పాలసీతో పాటు ముఖ్య నిబంధనలను సులభంగా వివరించే వినియోగదారు సమాచార పత్రాన్ని కంపెనీ ఇవ్వాలి. కోరితే దానిని స్థానిక భాషలో పొందవచ్చు. పాలసీ చేతికందిన 30 రోజుల్లోగా నిబంధనలు నచ్చకపోతే తిరిగి ఇచ్చివేసే అవకాశం ఉంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించారు. అలా మిగిలిన సొమ్మును గది అద్దె పరిమితి లేని పాలసీకో, వినియోగ వస్తువుల రైడర్‌కో మళ్లించడాన్ని కుటుంబాలు పరిశీలించవచ్చు.

పాలసీ కొనేటప్పుడు:
- గది అద్దెకు పరిమితి ఉందా? ఉంటే రోజుకు ఎన్ని రూపాయలు?
- కో-పే ఎంత శాతం? వయసు, నగరం, ఆసుపత్రిని బట్టి మారుతుందా?
- ఏ చికిత్సలకు ఉప పరిమితులు ఉన్నాయి?
- ఇప్పటికే ఉన్న జబ్బుకు ఎన్ని నెలలు ఆగాలి?
- దగ్గరలోని ఏ ఆసుపత్రులు నెట్‌వర్క్‌లో ఉన్నాయి?

ఆసుపత్రిలో చేరేటప్పుడు:
- పాలసీ అనుమతించే గది తరగతి ఏది? ఆ గది ఖాళీ లేకపోతే ఏం చేస్తారు?
- బిల్లు అంచనాలో బీమా వర్తించని పద్దులు ఎంత?
- క్యాష్‌లెస్ అభ్యర్థన ఎప్పుడు పంపారు, ఎంతకు అనుమతి వచ్చింది?

ఈ ప్రశ్నలు అడగడానికి రోగి పక్కన ఉన్న బంధువుకు పది నిమిషాలు చాలు. అత్యవసర స్థితిలో ఆ పది నిమిషాలు కూడా దొరకకపోవచ్చు. అందువల్ల పాలసీ నంబరు, గది అద్దె పరిమితి, కో-పే శాతం, నెట్‌వర్క్ ఆసుపత్రుల పేర్లు ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ తెలిసేచోట ఉంచడం మంచిది. అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టేది పాలసీ కొన్న వ్యక్తే కావాలని లేదు. చాలాసార్లు ఆ వ్యక్తే మంచం మీద ఉంటారు.